మిగిలినదంతా ఎక్కడికి పోయింది? హరిత రసాయన శాస్త్ర బోధనలో అసలు ప్రశ్న

డిగ్రీ ప్రయోగశాలలో విద్యార్థి అనిలిన్‌కు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిపి అసిటనిలైడ్ తయారుచేస్తాడు. మిశ్రమాన్ని మంచునీటిలో పోసి, తెల్లని స్ఫటికాలను వడకట్టి, ఆరబెట్టి, తూచి, సిద్ధాంతపరంగా రావలసిన బరువుతో పోల్చి "దిగుబడి 85 శాతం" అని రికార్డులో రాస్తాడు. విజయనగరంలో రసాయన శాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా అలాంటి రికార్డులు ఎన్నో దిద్దాను. ఆ అంకె బాగుంటే సంతకం పెట్టాను. కానీ ఆ 85 శాతం ఒక ముఖ్యమైన విషయాన్ని మన కంటికి ఆననివ్వదు. ఎన్‌హైడ్రైడ్ అణువులో రెండు ఎసిటైల్ సమూహాలు ఉంటే వాటిలో ఒక్కటే అసిటనిలైడ్‌లోకి చేరింది. రెండోది ఎసిటిక్ ఆమ్లంగా మారి, వడపోత నీటితో కలిసి సింక్‌లోకి పోయింది. విద్యార్థి ఎంత నేర్పుగా పనిచేసినా, దిగుబడి నూటికి నూరు శాతం వచ్చినా, అది అలా పోవలసిందే. ఎందుకంటే ఆ నష్టం చేతిపనిలో లేదు, మనం ఎంచుకున్న సమీకరణంలోనే ఉంది.

హరిత రసాయన శాస్త్రం మొదలయ్యేది ఇక్కడే. పర్యావరణం మీద ప్రేమ కలిగించే పాఠంగానో, మొక్కలు నాటే కార్యక్రమానికి అనుబంధంగానో దీన్ని చాలామంది భావిస్తున్నారు. నిజానికి ఇది రసాయన శాస్త్రమే. ప్రతి చర్య దగ్గరా ఒక అదనపు ప్రశ్న వేసే రసాయన శాస్త్రం. మనం తీసుకున్న పదార్థంలో కావలసినది ఎంత, మిగిలినది ఏమైంది, అది ఎవరి దగ్గరికి చేరింది అన్నదే ఆ ప్రశ్న. ఈ ప్రశ్నను విడిగా ఒక అధ్యాయంలో పెట్టి బోధించడం వల్లనే విషయం చిక్కుపడిందని నా అభిప్రాయం.

ఆ ప్రశ్నలో మొదటి భాగానికి అంకెల్లో జవాబు చెప్పే పద్ధతిని అమెరికన్ శాస్త్రవేత్త బ్యారీ ట్రోస్ట్ 1991లో ప్రతిపాదించారు. క్రియాజనకాలన్నిటి అణుభారాలు కలిపి, ఆ మొత్తంలో మనకు కావలసిన క్రియాజన్యం అణుభారం ఎంత శాతమో లెక్కకట్టడమే ఆ పద్ధతి. దీన్ని పరమాణు మితవ్యయం అందాం. అసిటనిలైడ్ ప్రయోగంలో అనిలిన్ 93, ఎన్‌హైడ్రైడ్ 102, మొత్తం 195, అసిటనిలైడ్ 135. అంటే 69 శాతం. అదే అసిటనిలైడ్‌ను ఎన్‌హైడ్రైడ్ లేకుండా, ఎసిటిక్ ఆమ్లంతోనే, అనిలిన్ ఆక్సీకరణం చెందకుండా కొద్దిగా జింకు పొడి వేసి మరిగించి కూడా తయారుచేయవచ్చు. అప్పుడు ఆమ్లం 60, అనిలిన్ 93, మొత్తం 153; పక్కకు పోయేది నీరు మాత్రమే. పరమాణు మితవ్యయం 88 శాతానికి పెరుగుతుంది. ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా ఐదు నిమిషాల్లో వేయగల లెక్క ఇది.

అయితే ఈ లెక్క వేయించి "రెండో పద్ధతి హరితం" అని బోర్డు మీద రాసి ముగిస్తే పాఠం సగంలో ఆగినట్టే. రెండో పద్ధతిలో మిశ్రమాన్ని ఎక్కువసేపు మరిగించాలి, దానికి కరెంటు కావాలి, కండెన్సర్‌లో నీరు పారుతూ ఉండాలి. పైగా ఎసిటిక్ ఆమ్లాన్ని సమీకరణం చెప్పినంతే కాక చాలా ఎక్కువగా పోస్తాం; ఆ మిగులు కూడా చివరికి మంచునీటిలోకే పోతుంది. సమీకరణం కాగితం మీది మాట, ప్రయోగశాల బల్ల మీద జరిగేది వేరు. ఆ తేడాను పట్టుకోవడానికి రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లో మరో కొలమానాన్ని ముందుకు తెచ్చారు. ఒక కిలో సరుకు తయారయ్యేసరికి ఎన్ని కిలోల వ్యర్థం పోగుపడిందో చెప్పే ఆ నిష్పత్తిని ఈ-ఫ్యాక్టర్ అంటారు. దీన్ని లెక్కించాలంటే వాడిన ప్రతిదాన్నీ, ద్రావణితో సహా, తూచి రాసుకోవాలి. షెల్డన్ తొలి లెక్కల్లో నీటిని కలపలేదు. కలపాలా వద్దా అన్నది మంచి చర్చనీయాంశం. వేసవిలో బిందె నీళ్ల కోసం బోరు దగ్గర వరుసలో నిలబడిన ఇంటి పిల్లలు ఆ చర్చలో మౌనంగా ఉండరు.

రెండో చిక్కు విషపూరితత్వానికి సంబంధించినది. పరమాణు మితవ్యయం పదార్థం వృథాను కొలుస్తుంది కానీ ఆ పదార్థం ఎంత ప్రమాదకరమో చెప్పదు. దీనికి భోపాల్ కంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. 1984 డిసెంబర్ 2, 3 తేదీల మధ్య రాత్రి అక్కడ పురుగుమందుల కర్మాగారం నుంచి వెలువడినది మిథైల్ ఐసోసైనేట్ వాయువు. కార్బరిల్ అనే పురుగుమందు తయారీలో అది మధ్యలో పుట్టే పదార్థం. ముందు మిథైల్ ఎమీన్‌ను ఫాస్జీన్‌తో కలిపి ఐసోసైనేట్ చేసి, దాన్ని ట్యాంకుల్లో నిలవ ఉంచి, తరువాత నాఫ్తాల్‌తో కలిపేవారు. అవే మూడు ముడిపదార్థాలను వేరే వరుసలో కలిపినా కార్బరిల్ వస్తుంది: ముందు నాఫ్తాల్‌కు ఫాస్జీన్, ఆ తరువాత మిథైల్ ఎమీన్. ఈ దారిలో ఐసోసైనేట్ అసలు పుట్టదు. సమీకరణాలను పూర్తిగా రాసి చూస్తే రెండు దారుల్లోనూ వెళ్లే పదార్థాలు ఒకటే, వచ్చే కార్బరిల్ ఒకటే, పక్కకు పోయే హైడ్రోజన్ క్లోరైడ్ ఒకటే. పరమాణు మితవ్యయం రెండింటిలోనూ 73 శాతమే. ఆ ఒక్క అంకెనే నమ్ముకున్న విద్యార్థికి ఈ రెండు దారుల మధ్య తేడాయే కనిపించదు. ఒక దారిలో ఊరి పక్కన టన్నుల కొద్దీ ప్రాణాంతక ద్రవం నిలవ ఉంటుంది, మరో దారిలో ఉండదు. ఫాస్జీన్ మాత్రం రెండింటిలోనూ ఉంది, అదీ విషవాయువే. కాబట్టి రెండో దారిని కూడా నిష్కళంకమని చెప్పకూడదు, మొదటిదానికంటే మేలని మాత్రమే చెప్పాలి.

ఇక్కడ విద్యార్థికి రెండు మాటల మధ్య తేడా తెలియాలి. ఒకటి పదార్థం సహజంగా కలిగి ఉన్న హానికర గుణం. రెండోది మనిషి దాని బారిన పడే అవకాశం. ఈ రెండూ కలిస్తేనే ముప్పు. చేతి తొడుగులు, కళ్లద్దాలు, పొగగూడు, కర్మాగారంలో అలారం, విషవాయువును కడిగి శుద్ధిచేసే స్క్రబ్బర్ ఇవన్నీ రెండోదాన్ని తగ్గించే ఏర్పాట్లు. అవి అవసరమే. కానీ తొడుగు చిరుగుతుంది, అలారం మూగబోతుంది, రాత్రి డ్యూటీలో మనిషి అలసిపోతాడు. హరిత రసాయన శాస్త్రం మొదటిదాని మీదనే దృష్టి పెడుతుంది: హాని చేసే పదార్థమే అక్కడ లేకపోతే ఏర్పాటు విఫలమైనా ప్రాణం పోదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివార్లలో ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ఆవిరి కర్మాగారం నుంచి ఇళ్లలోకి వచ్చినప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు అక్కడున్న తమవారి కోసం ఫోన్లు చేస్తూ కూర్చున్నాయి. స్టైరీన్ అణువులు నిలవలో ఒకదానితో ఒకటి ఎందుకు కలుస్తాయి, కలిసినప్పుడు వేడి ఎందుకు పుడుతుంది, ఆ చర్యను అదుపులో ఉంచే నిరోధకం, చల్లదనం చాలకపోతే ఏమవుతుంది అన్నవి మన పాలిమర్ల పాఠంలోనే ఉన్న సంగతులు. ఆ పాఠం చెబుతూ ఆ తెల్లవారుజామును ప్రస్తావించకపోవడం నాకు న్యాయంగా తోచదు.

రసాయన శాస్త్రవేత్తలు పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ 1998లో క్రోడీకరించిన పన్నెండు సూత్రాలు ఈ విషయాలన్నిటినీ ఒక చోటికి తెచ్చాయి. వ్యర్థాన్ని శుభ్రం చేయడం కంటే పుట్టకుండా చూడడం, సురక్షితమైన ద్రావణులు, ఉత్ప్రేరకాలు, మళ్లీ పండే ముడిసరుకు, వాడాక విచ్ఛిన్నమయ్యే పదార్థాలు, ప్రమాద నివారణ మొదలైనవి వాటిలో ఉన్నాయి. మన పరీక్షల్లో మాత్రం ఇవి "పన్నెండు సూత్రాలను వివరింపుము" అనే వ్యాసరూప ప్రశ్నగా స్థిరపడ్డాయి. విద్యార్థి వాటిని వరుస తప్పకుండా కంఠస్థం చేస్తాడు, మరుసటి రోజు ప్రయోగశాలకు వచ్చి గాఢ ఆమ్లాన్ని పరీక్షనాళిక సగం దాకా వంపుతాడు. సూత్రాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయన్న సంగతి కంఠస్థంలో బయటపడదు, ప్రయోగంలోనే బయటపడుతుంది.

ఆ పోట్లాటకు మంచి ఉదాహరణ అసిటనిలైడ్‌కు బ్రోమిన్ చేర్చే ప్రయోగం. పాత పద్ధతిలో ద్రవ బ్రోమిన్ వాడతారు. సీసా మూత తీయగానే ఎర్రని ఆవిరి గొంతు పట్టేస్తుంది, చర్మం మీద పడితే త్వరగా మానని పుండు చేస్తుంది. మన దేశంలో హరిత ప్రయోగాలుగా సూచిస్తున్న వాటిలో దీనికి బదులు పొటాషియం బ్రోమైడ్, సెరిక్ అమ్మోనియం నైట్రేట్ వాడే పద్ధతి ఉంది. అందులో ద్రవ బ్రోమిన్‌ను ఎవరూ ముట్టుకోనక్కరలేదు, నీరు కలిపిన ఆల్కహాల్ ద్రావణిగా సరిపోతుంది. ఇంటర్, డిగ్రీ పిల్లలు పనిచేసే చోట ఇది పెద్ద మేలు. కానీ పరమాణు మితవ్యయం లెక్కవేయండి. బ్రోమిన్‌తో అది దాదాపు 73 శాతం. కొత్త పద్ధతిలో ఒక అణువు తయారవడానికి రెండు అణువుల సెరిక్ లవణం ఖర్చవుతుంది. దాని అణుభారం 548 కాబట్టి, అది 16 శాతానికి పడిపోతుంది. ప్రయోగశాలలో పదిమంది పిల్లలు గ్రాము, రెండు గ్రాములు చేసేటప్పుడు నేను నిస్సందేహంగా రెండో పద్ధతినే ఎంచుకుంటాను. టన్నుల్లో తయారుచేసే కర్మాగారం మూసిన పాత్రల్లో, గొట్టాల ద్వారా బ్రోమిన్ వాడి, పక్కకు వచ్చే హైడ్రోజన్ బ్రోమైడ్‌ను తిరిగి పట్టుకోగలిగితే దాని తీర్పు వేరుగా ఉండవచ్చు. ఈ రెండు తీర్పులూ ఎందుకు సబబో ఒక పేజీలో రాయగలిగిన విద్యార్థికి హరిత రసాయన శాస్త్రం వచ్చినట్టు. "హరితం" అనేది పదార్థానికి అంటించే ముద్ర కాదు. ఈ స్థాయిలో, ఈ చోట, ఈ రెండింటిలో ఏది మేలు అన్న పోలిక.

మన ప్రయోగశాలల్లో అన్నిటికంటే ముందు మారవలసింది లవణ విశ్లేషణ అని అనుకుంటున్నాను. క్లోరైడ్‌ను గుర్తించడానికి సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే తెల్లని అవక్షేపం వస్తుంది, అమ్మోనియం హైడ్రాక్సైడ్‌లో అది కరుగుతుంది. జవాబు అక్కడే తేలిపోయింది. అయినా నిర్ధారణ పేరుతో క్రోమైల్ క్లోరైడ్ పరీక్ష చేయిస్తాం. లవణానికి పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడిచేసి, ఎర్రని ఆవిరిని క్షార ద్రావణంలోకి పంపి, దానికి లెడ్ ఎసిటేట్ చేర్చి పసుపు అవక్షేపం చూపిస్తాం. చూడడానికి బాగుంటుంది. కానీ డైక్రోమేట్‌లోని ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కారకం, చివర్లో వచ్చేది సీసం లవణం. అప్పటికే తెలిసిన జవాబును రెండోసారి చెప్పించుకోవడానికి ఈ రెండు విషాలనూ సింక్‌లోకి వదులుతున్నాం. సింక్ గొట్టం కాలేజీ వెనుక మురుగు కాలువలోకి, కాలువ గెడ్డలోకి, గెడ్డ ఏదో ఒక చెరువులోకి పోతుంది. భార లోహాలకు దారిలో ఎక్కడా నాశనం లేదు. బడి పిల్లలకు చెప్పే ద్రవ్య నిత్యత్వ నియమం మన సింక్ దగ్గర పనిచేయడం మానదు.

ఆ పరీక్షను విడిచిపెట్టడానికి డబ్బు ఖర్చు కాదు. మిగిలిన పరీక్షలను మిల్లీలీటర్లలో కాక చుక్కల్లో చేయించడానికీ ఖర్చు కాదు. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటర్. పరీక్షనాళికలో రెండు మిల్లీలీటర్లు పోసే చోట పింగాణీ పలక గుంటలో రెండు చుక్కలు వేస్తే వాడకం ఇరవయ్యో వంతుకు దిగుతుంది, రంగు మాత్రం అంతే స్పష్టంగా కనిపిస్తుంది. పింగాణీ పలకలు లేనిచోట రేకు తీసేసిన ఖాళీ మాత్రల స్ట్రిప్పుల ప్లాస్టిక్ గుంటలు చాలా పరీక్షలకు పనికొస్తాయి. ముప్పై మంది బ్యాచ్ ఒక్కొక్కరు వంద మిల్లీలీటర్ల చొప్పున పర్మాంగనేట్ ద్రావణం వాడితే పూటకు మూడు లీటర్లు. పది మిల్లీలీటర్ల చిన్న బ్యూరెట్‌తో చేయిస్తే అందులో ఐదో వంతు చాలు. హరిత రసాయన శాస్త్రం ఖరీదైన పరికరాలున్న పెద్ద సంస్థలకే సాధ్యమనే మాట మన ప్రభుత్వ కళాశాలల్లో తరచుగా వినబడుతుంది. కారకాల కొనుగోలుకు ఏటా వచ్చే నిధులు చాలని కళాశాలకే ఈ పొదుపు ఎక్కువగా అక్కరకొస్తుంది.

అసలు ప్రయోగాలే చేయించకుండా రికార్డులు రాయించి పంపే కళాశాలలు కూడా ఉన్నాయి. అక్కడ చుక్క వ్యర్థం కూడా పుట్టదు, నిజమే. కానీ ఆ పిల్లలు రేపు కర్మాగారంలో మొదటిసారి ద్రావణి వాసన చూస్తారు. అలాంటి కళాశాలల మీద నాకున్న బాధ ఈ వ్యాసానికి మించినది.

పాఠశాల స్థాయిలో ఈ విషయానికి పేరు కూడా పెట్టనక్కరలేదు. ఇంట్లో ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే ఎందుకు మెరుస్తుందని అడగవచ్చు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పైపొరలోని రాగి ఆక్సైడ్‌ను కరిగిస్తుంది. ఉపాధ్యాయులు సాధారణంగా ఇక్కడ ఆగుతారు. ఇంకొక్క అడుగు వేసి, కరిగిన రాగి ఎటు పోయిందని అడిగితే పిల్లలు తోమిన నీళ్లవైపు చూస్తారు. ఆమ్ల క్షారాల పాఠంలో మందార పూల రసం, పసుపు సూచికలుగా చాలు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా మారడం తెలియని పిల్ల మన ఊళ్లలో ఉండదు.

పై తరగతుల్లో పాఠ్యపుస్తకం సహాయం తగ్గింది. జాతీయ స్థాయిలో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి రసాయన శాస్త్రంలో పర్యావరణ రసాయన శాస్త్రం అనే అధ్యాయం చివర హరిత రసాయన శాస్త్రం కొన్ని పేజీలు ఉండేది. 2022లో పాఠ్యభారం తగ్గించినప్పుడు ఆ అధ్యాయం మొత్తం తొలగిపోయింది. అది పోవడం నష్టమే. అయితే అది అక్కడ, ఓజోన్ పొర, ఆమ్ల వర్షాల తరువాత, సంవత్సరం చివర్లో ఉండడం కూడా సరైన చోటు కాదని నేను అప్పుడూ అనుకున్నాను. దాని చోటు మోల్ భావన పక్కన ఉంది. దిగుబడి లెక్క నేర్పే రోజునే పరమాణు మితవ్యయం లెక్క నేర్పవచ్చు. సేంద్రియ చర్యలు చెప్పేటప్పుడు చేరిక చర్యలో పరమాణువులన్నీ క్రియాజన్యంలోనే ఉంటాయని, ప్రతిక్షేపణలో కొంత బయటికి పోతుందని అక్కడికక్కడే చూపవచ్చు.

డిగ్రీ, పీజీ స్థాయిలో ఈ చదువుకు మన ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన అవసరం ఉంది. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలోనూ రెండు జిల్లాల కళాశాలల్లోనూ రసాయన శాస్త్రం చదివిన పిల్లలు చాలామంది రణస్థలం మండలం పైడిభీమవరం వైపు చూస్తారు. మందుల్లోని అసలు పదార్థాన్ని తయారుచేసే బల్క్ డ్రగ్ కర్మాగారాలు అక్కడున్నాయి. షెల్డన్ లెక్కల ప్రకారం ముడిచమురు శుద్ధిలో కిలో సరుకుకు వ్యర్థం వంద గ్రాముల లోపు. మందుల తయారీలో అది 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. మందు అణువు క్లిష్టమైనది కాబట్టి మెట్లు ఎక్కువ, ప్రతి మెట్టులోనూ శుద్ధి అవసరం. వ్యర్థంలో సింహభాగం ద్రావణులదే. అంటే మన పిల్లలు చేరబోయేది షెల్డన్ పోల్చిన పరిశ్రమలన్నిటిలోకీ ఈ నిష్పత్తి అత్యధికంగా ఉన్న చోట. క్వాలిటీ కంట్రోల్ విభాగంలో మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం దగ్గర కూర్చున్న ఎమ్మెస్సీ విద్యార్థిని రోజంతా దాని గొట్టంలోకి అసిటోనైట్రైల్ అనే ద్రావణిని పంపిస్తూ ఉంటుంది. అదే పరీక్షను సన్నని గొట్టంతో, తక్కువ ప్రవాహంతో చేయవచ్చా అని అడగడం ఆమెకు కళాశాలలోనే అలవాటు కావాలి.

మెట్లు తగ్గించడం వట్టి ఊహ కాదని చూపడానికి ఐబూప్రొఫెన్ చరిత్ర చాలు. ఆ నొప్పి మాత్ర తొలి తయారీలో ఆరు మెట్లు, పరమాణు మితవ్యయం 40 శాతం. తరువాత రూపొందిన మూడు మెట్ల పద్ధతిలో అది 77 శాతం. పక్కకు వచ్చే ఎసిటిక్ ఆమ్లాన్ని తిరిగి వాడుకుంటే 99 శాతం దాకా వెళుతుంది. ఆ పద్ధతికి 1997లో అమెరికాలో హరిత రసాయన పురస్కారం వచ్చింది. రెండు దారులనూ పక్కపక్కన రాయించి, ఏ మెట్టులో ఏ అణువు బయటికి పోయిందో ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టించడం ఒక పూట తరగతికి సరిపడే పని.

చివరిగా, "సహజమైనదంతా హరితం" అనే అపోహ. దీన్ని విప్పడానికి జీడి కర్మాగారాలున్న పలాసను మించిన పాఠశాల లేదు. జీడి పిక్క తొక్కలో ఉండే నూనె పూర్తిగా సహజమైనది, ఏటా చెట్టుకు మళ్లీ పండేది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లను నల్లగా మాడ్చి చర్మం లేపేది కూడా అదే. అందుకే చేతులకు బూడిదో నూనో రాసుకుని కూర్చుంటారు. ఆ నూనెలో ప్రధాన పదార్థం అనకార్డిక్ ఆమ్లం. దాన్ని వేడిచేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కార్డనాల్ మిగులుతుంది. పక్క గొలుసులో జంట బంధాలు లేని అణువును తీసుకుంటే 348లో 304 మిగిలాయి, పరమాణు మితవ్యయం 87 శాతం. పెట్రోలియం నుంచి వచ్చే ఫినాల్‌కు బదులు కార్డనాల్‌ను వాహనాల బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో, జిగురు రెజిన్లలో వాడతారు. మళ్లీ పండే ముడిసరుకు అన్న సూత్రానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ శ్రీకాకుళం విద్యార్థికి దొరకదు. అయితే ఆ రెజిన్ చేయడానికి చాలాచోట్ల ఫార్మాల్డిహైడ్ కావాలి, అది క్యాన్సర్ కారకం. నూనె పిండాక మిగిలిన తొక్క పిప్పిని బాయిలర్లలో కాలుస్తారు. పిప్పిలో ఇంకా నూనె ఉంటే పొగ ఘాటుగా వస్తుంది.

పీజీ రెండో సంవత్సరం విద్యార్థుల చేత నేను చేయించాలనుకుంటున్న ప్రాజెక్టు ఇదే. పలాసలో ఒక జీడి కర్మాగారం యజమానిని, అక్కడ పనిచేసే స్త్రీలను అడిగి, వంద కిలోల పిక్కలు లోపలికి వెళితే పప్పు ఎంత, పొర ఎంత, తొక్క ఎంత, నూనె ఎంత, పొగ గొట్టం దారి పట్టినది ఎంత అన్న పట్టిక తయారుచేయాలి. అన్నీ కలిపితే మళ్లీ వంద రావాలి. రానిచోట తేడా ఎక్కడికి పోయిందో వెతకాలి.